నోరున్న బండి

సోమవారం పొద్దున డ్రైవింగు స్కూలు ముందు రెండు కార్లు పక్కపక్కన నిలబడి ఉండడం చూసి మాస్టారి ముఖం మాడిపోయింది. ఒకటి ఆయన పంతొమ్మిదేళ్ళుగా పాఠాలు చెబుతున్న పాత బండి. ఒకప్పుడు దానిది నీలం రంగు. ఇప్పుడు ఏ రంగని అడిగితే ఒక్క మాటలో చెప్పడం కష్టం. రెండోది ముందు రోజు సాయంత్రం దిగిన తెల్ల బండి. దాని సీట్లకు వేసిన ప్లాస్టిక్కు తొడుగులు ఇంకా తియ్యనే లేదు.

స్కూలు మాస్టారిది కాదు, ఆయన భార్య తమ్ముడిది. ఆ బావమరిది తాళంచెవి వేలికి తిప్పుకుంటూ బయటికి వచ్చాడు.

"చూశావా బావా? వెనక్కి తీస్తుంటే వెనకేముందో బొమ్మ చూపిస్తుంది. ఎత్తుమీద ఆపితే జారిపోకుండా అదే పట్టుకుంటుంది. బెల్టు పెట్టుకోకపోతే అరుస్తుంది."

"అరవడానికి ఇంట్లో మీ అక్క ఉంది కదరా. మళ్ళీ ఇదెందుకు?"

బావమరిది నవ్వాలో వద్దో తేల్చుకోలేక జేబులోంచి ఒక కాగితం తీశాడు. "ఇంకో సంగతి. నీ వైపు పెడళ్ళకి కూడా ఒక ఏర్పాటు..."

"ఇక చాల్లే. పెడళ్ళ గురించి నువ్వు నాకు చెప్పేదేమిటి?" అంటూ మాస్టారు ఆ కాగితం లాక్కుని, నాలుగు మడతలు పెట్టి, కొత్త బండి సొరుగులో పడేశారు.

నేర్పే కార్లకు పక్క సీటు ముందు కూడా క్లచ్చూ బ్రేకూ ఉంటాయి. మాస్టారు ఇటు తొక్కితే నేర్చుకునేవాళ్ళ కాళ్ళ కింద ఉన్న పెడలు కూడా దానితోపాటు దిగుతుంది. ప్రమాదం వచ్చినప్పుడు వాడడానికని అలా పెడతారు. వాటిని చూసుకునే ఇన్నేళ్ళూ ఆయన గుండె నిబ్బరంగా పక్క సీట్లో కూర్చున్నారు.

"షెడ్డులో ఒక్క బండికే చోటుంది బావా," అన్నాడు బావమరిది. "ఈ వారం రెండూ నడుపు. ఏది ఉంచాలో, ఏది పంపించాలో శనివారం తేల్చేద్దాం. నీ మాటే వింటాను."

వింటానన్నాడు గానీ అతని చూపు మాత్రం తెల్ల బండి అద్దంలో తన క్రాపు మీద ఉంది. మాస్టారు పాత బండి దగ్గరికి వెళ్ళి బానెట్టు మీద చెయ్యేశారు. దాని తలుపు కాస్త పైకెత్తి వెయ్యాలి. మూడో గేరు బతిమాలి వెయ్యాలి. వైపరు ఒకటే కదులుతుంది, అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు. ఆయన భార్య దాన్ని సవతి అంటుంది. ఆదివారాలు ఆయన దానికి స్నానం చేయిస్తుంటే కిటికీలోంచి చూసి, "నాకెప్పుడైనా కాళ్ళు నొక్కారా?" అని అడుగుతుంది.

మాస్టారు లోపలికి వెళ్ళి నేర్చుకునేవాళ్ళ జాబితా ముందు వేసుకున్నారు. వారం గడిచేలోపు తెల్ల బండి ఎందుకూ పనికిరాదని తేలిపోవాలి. దానికేం చెయ్యాలా అని వేలితో ఒక్కొక్క పేరే తాకుతూ కిందికి వచ్చి ఒక చోట ఆగారు. మూడుసార్లు పరీక్ష తప్పిన టైలరమ్మ అక్కడ ఉంది. నాలుగోసారి శుక్రవారం. ఆమెను తీసుకెళ్ళి కొత్త బండిలో కూర్చోబెడితే దాని సోకంతా వదిలిపోతుంది. ఇది మంచి బుద్ధి కాదని ఆయనకు తెలుసు. తెలిసే చేశారు.

మంగళవారం ఏడు గంటలకల్లా టైలరమ్మ వచ్చేసింది. యాభై దగ్గర పడిన మనిషి. మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయి వచ్చింది. ఆమె, మరో అయిదుగురు ఆడవాళ్ళూ కలిసి ఆసుపత్రులకు దుప్పట్లూ, గౌన్లూ కుడతారు. కుట్టినవి మోసుకెళ్ళడానికి అందరూ కలిసి ఒక పాత వ్యాను కొనుక్కుని ఎనిమిది నెలలయింది. నడిపేదెవరంటే ఈవిడే ముందు చెయ్యెత్తింది. అప్పట్నించీ వ్యాను వాళ్ళ గుమ్మం ముందు కదలకుండా ఉంది.

"శుక్రవారం కూడా తప్పితే వ్యాను అమ్మేద్దామంటున్నారు మాస్టారూ మావాళ్ళు," అంది ఆమె నవ్వుతూనే. టేపు కొసను మాత్రం వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. "పాపం, ఎన్నాళ్ళని చూస్తారు? మూటలు నెత్తిన పెట్టుకుని బస్సులెక్కుతున్నారు. నా మూలంగానే కదా."

మాస్టారికి మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. అయినా, "ఇవాళ మీకు కొత్త బండి," అన్నారు.

ఆమె సీటు ముందుకు జరుపుకుని, అద్దం దిద్దుకుని, బెల్టు పెట్టుకుని, మెడలోని టేపు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తాళం తిప్పింది. క్లచ్చు తొక్కింది. గేరు వేసి మెల్లగా కాలు తీస్తోంది.

కుయ్!

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. బండి మాత్రం మెత్తగా కదిలింది.

"నేనేం చేశాను మాస్టారూ?"

"మీరేం చెయ్యలేదు. పోనివ్వండి."

మలుపు దగ్గర కుయ్. ఎదురుగా సైకిలు వస్తే కుయ్. రెండో గేరుకు కుయ్. చౌరస్తాలో ఎర్రలైటు ముందు ఆగేటప్పుడు ఒకసారి పొడుగ్గా, మళ్ళీ కదిలేటప్పుడు రెండుసార్లు పొట్టిగా. డాష్‌బోర్డు మూల ఒక చిన్న ఎర్రదీపం కూడా దానితోపాటే వెలిగి ఆరుతోంది. మాస్టారికి లోలోపల పండగలా ఉంది. వచ్చి రెండు రోజులు కాలేదు, అప్పుడే రోగం మొదలు!

తిరిగి స్కూలు ముందుకు వచ్చి ఆగాక టైలరమ్మ తాళం తీసి ఇచ్చింది. "నలభై మూడు సార్లు కూసింది మాస్టారూ," అంది. కుట్లు లెక్కపెట్టే మనిషి, ఏదైనా లెక్కపెట్టకుండా ఉండలేదు. తర్వాత కాస్త తటపటాయించి, "ఇంకోటి. ఇందులో కూడా అలాగే అవుతోంది," అంది.

"ఎలాగ?"

"క్లచ్చు. నేను తొక్కకుండానే కిందికి పోతోంది. బ్రేకు కూడా అంతే, నా కాలు ఆనేసరికే దిగి ఉంటోంది. పాత బండిలో అలా అవుతోందని చెప్తే, దాని అలవాటు అది, పట్టించుకోకండి అన్నారు కదా. మరి ఇది కొత్తది కదండీ?"

"మీ కాలికి ఇంకా అదుపు రాలేదు టైలరమ్మా. అందుకే అలా అనిపిస్తుంది."

ఆమె తన కాలి వంక ఒక్కసారి చూసుకుంది. ఇరవయ్యారేళ్ళుగా కాలిమిషను తొక్కుతున్న కాలు అది. గుడ్డ అంచు ఇంకా ఒక్క కుట్టు దూరం ఉందనగా సూదిని ఆపగల కాలు. దానికి అదుపు లేదన్న మాట ఎనిమిది నెలలుగా వింటోంది. చెప్పింది పాఠం నేర్పే మాస్టారు కాబట్టి నిజమే అయి ఉంటుందనుకుని బస్సెక్కి వెళ్ళిపోయింది.

బుధవారం మాస్టారు తెల్ల బండిని మెకానిక్కు దగ్గరికి నడుపుకుంటూ వెళ్ళారు. దారిలో ఈల కూడా వేశారు. ఒక్కరే వెళ్తున్నంతసేపూ అది నోరు మెదపలేదు. ఆ సంగతి ఆయన గమనించలేదు.

"చూడు నాయనా, ఎంత మంచి బండి తెచ్చాడో మా బావమరిది! కూసి చంపుతోంది. కాగితం మీద రాసివ్వు, ఇది పనికిరాదని."

మెకానిక్కు చేతులు తుడుచుకుని చక్రం ముందు కూర్చున్నాడు. మాస్టారు అలవాటుగా పక్క సీట్లో కూర్చున్నారు. వీధి చివరిదాకా వెళ్ళారు. చప్పుడు లేదు. గేర్లు మార్చాడు. చప్పుడు లేదు. మాస్టారికి దిగులు పట్టుకుంది. అప్పుడు మెకానిక్కు ఆగి ఉన్న ఒక లారీ వైపు తిన్నగా, కాస్త వేగంగానే పోనిచ్చాడు.

కుయ్!

"అదిగో! విన్నావా?" మాస్టారు చిన్నపిల్లాడిలా తొడ చరుచుకున్నారు.

మెకానిక్కు లారీకి గజం దూరంలో బండి ఆపి, మాస్టారి కాళ్ళ వైపు వేలు చూపించాడు. ఆయన చెప్పు బ్రేకు మీద ఉంది. అదెప్పుడు అక్కడికి వెళ్ళిందో ఆయనకే తెలియదు.

"బండికేం కాలేదు మాస్టారూ. మీ కాలు పడితే కూస్తుందది. ఇప్పుడు నేర్పే బండ్లన్నిటికీ ఇదే పెడుతున్నారు. నడుపుతున్నది నేర్చుకునేవాళ్ళో, నేర్పేవాళ్ళో తెలియాలని. దీంతోపాటు కాగితం ఇచ్చారే, చదవలేదా?"

మాస్టారు సొరుగు తెరిచి నాలుగు మడతల కాగితం తీశారు. మూడో వరుసలోనే ఉంది. ఒకసారి చదివి, అదే తప్పేమో అన్నట్టు మళ్ళీ చదివారు.

"నేను అవసరమైతేనే తొక్కుతాను," అన్నారు. మెకానిక్కు మళ్ళీ బండి తీశాడు. తిరిగి వచ్చేలోపు అది తొమ్మిదిసార్లు కూసింది. ఆ తొమ్మిదింటిలో ఒక్కదానికీ అవసరం లేదు. పదేళ్ళుగా బండ్లు బాగుచేస్తున్న మనిషికే తాను క్లచ్చు తొక్కిపెడుతున్నారు!

అక్కడే బల్లమీద కూర్చుని మాస్టారు టీ తెప్పించుకుని తాగకుండా చల్లార్చారు. నలభై మూడు. ఆ లెక్క ఆయన్ని వదలలేదు. ధైర్యంగా నడిపేవాళ్ళ పక్కన ఆయన కాలు ఊరికే ఉండేది. భయపడేవాళ్ళు ఎక్కితే చాలు, అది పనిలోకి దిగేది. బండి ఆగిపోకుండా, కుదుపు రాకుండా, వాళ్ళు హాయిగా నడుపుతున్నామనుకునేలా. తీరా పరీక్ష రోజున పక్క సీట్లో ఇనస్పెక్టరు కూర్చుంటాడు. ఆయనకేం పట్టింది? బండి దడదడలాడి ఆగిపోతుంది. వాళ్ళు తప్పుతారు. మాస్టారు వెనక్కి వచ్చి, "మీకు భయం ఎక్కువండీ," అంటారు.

పాత బండి ఇదంతా చూసింది. కానీ దానికి నోరు లేదు. ఆయన తప్పులన్నీ కడుపులో దాచుకుని పంతొమ్మిదేళ్ళలో నీలం రంగు పోగొట్టుకుంది.

ఇంటికి వెళ్ళి సంగతి చెబితే భార్య కూరగాయలు తరుగుతూ తల కూడా ఎత్తలేదు. "ఇప్పుడా తెలిసింది? పడుకున్నా తొక్కుతారు మీరు. నా పిక్క చూడండి ఎలా ఉందో. ఇన్నేళ్ళుగా మొత్తుకుంటున్నాను, నీకే కల వచ్చి ఉంటుందన్నారు."

"మరి గట్టిగా చెప్పొద్దూ?"

"గట్టిగానే చెప్పాను. వినేవాళ్ళుండాలిగా." కత్తి పక్కన పెట్టి ఆయన ముఖం చూసి, గొంతు తగ్గించింది. "వెళ్ళి ఆ టైలరమ్మకి చెప్పెయ్యండి. చెప్పందే మీకు ముద్ద దిగదు."

గురువారం పొద్దున మాస్టారు టైలరమ్మను రోడ్డు మీదికి కాకుండా ఊరి చివర ఉన్న ఖాళీ మైదానానికి తీసుకెళ్ళారు. తెల్ల బండిలోనే. చెప్పులు విప్పి వెనక పెట్టి, సీటు బాగా వెనక్కి జరిపి, దాని మీద మఠం వేసుక్కూర్చున్నారు. కుడిచెయ్యి మాత్రం దగ్గర్లో ఉన్న హ్యాండ్‌బ్రేకు మీద ఉంచారు.

"ఇదేమిటి మాస్టారూ, విస్తరి వెయ్యమంటారా?"

"నడపండమ్మా," అన్నారాయన. ఆ గొంతులో ఎప్పటి దర్జా లేదు.

బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. మళ్ళీ. మళ్ళీ. ఏడుసార్లు ఆగిపోయింది. ఆగిన ప్రతిసారీ మాస్టారి మోకాలు ఎగిరేది, ఆయన రెండో చేత్తో దాన్ని అదిమి పట్టుకునేవారు. టైలరమ్మ నుదురంతా చెమట. ఎనిమిదోసారి ఆమె ఆయన వైపు చూడ్డం మానేసింది. పెదవి బిగించి, కళ్ళు ఎదర పెట్టి, కాలి కింద ఉన్నదాన్ని వింటున్నట్టు కూర్చుంది. ఇంజను గొంతు మారింది. ఆమె కాలు అక్కడే ఆగింది. ఇంకాస్త తీసింది. బండి గుడ్డమీద సూది కదిలినట్టు కదిలింది.

మైదానం చుట్టూ ఒక చుట్టు, రెండో చుట్టు. ఒక్క కూత లేదు.

"మాస్టారూ! క్లచ్చు కిందికి పోలేదు! నేను తొక్కితేనే దిగింది!"

"ఎందుకంటే, నేను తొక్కలేదు కాబట్టి," అన్నారు మాస్టారు. "ఇన్నాళ్ళూ అలవాటున తొక్కుతూ వచ్చింది నేనే టైలరమ్మా. బండి అలవాటు కాదు, మీ కాలి తప్పూ కాదు. మీరు చెప్పింది నిజం. నేనే అబద్ధం. నాకు నిన్ననే తెలిసింది."

ఆమె బ్రేకు వేసి, గేరు తీసి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఇంజను ఆపింది. అన్నీ ఒక పద్ధతిలో, కుట్టు ముగించి దారం తెంపినట్టు.

"నా కాలికి తిమ్మిరి రోగమేమోనని డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను," అంది చివరికి. "మూడోసారి తప్పాక మావాళ్ళ ముఖం చూడలేక పెరటి గుమ్మంలోంచి లోపలికి వెళ్ళాను. మిషను ముందు కూర్చుంటే నా కాలంటే నాకే అనుమానం. గౌను చేతులు రెండుసార్లు విప్పి కుట్టాను, తెలుసా? ఇన్నేళ్ళలో నేనెప్పుడూ విప్పి కుట్టలేదు!"

మాస్టారు తల దించుకున్నారు. క్షమించమని అడగాలని ఉంది గానీ, మఠం వేసుక్కూర్చుని ఎలా అడగాలో తోచలేదు. కాళ్ళు విప్పబోతే ఆమె గద్దించింది.

"కదలకండి! కాళ్ళు అలాగే ఉంచండి." కళ్ళు తుడుచుకుని తాళం తిప్పింది. "ఇవాళ మీరు ఇంకెవరికీ పాఠం చెప్పరు. సాయంత్రం దాకా నాకే చెప్తారు. సరేనా?"

"సరేనమ్మా."

మధ్యాహ్నానికి ఆమె రెండు డబ్బాల మధ్యకి బండిని వెనక్కి పెట్టడం నేర్చుకుంది. సాయంత్రానికి మాస్టారి మోకాళ్ళు పట్టేసి, దిగడానికి ఆమే చెయ్యివ్వాల్సి వచ్చింది. అప్పటికి ఆమె కోపం సగానికి పైగా దిగిపోయింది. ఆయన కుంటుకుంటూ నడుస్తుంటే నవ్వు కూడా వచ్చింది.

"రేపు ఈ బండే తెస్తాను," అన్నారు మాస్టారు. "ఎత్తుమీద ఆపినా వెనక్కి జారదు. గేరు వెన్నలా పడుతుంది. పాతదానితో వేగలేం."

తన నోటివెంట ఆ మాట వస్తుందని ఆయన సోమవారం ఎవరు చెప్పినా నమ్మేవారు కాదు.

"వద్దు. పాతదే తీసుకురండి."

"అదేమిటమ్మా? మూడుసార్లు తప్పిన బండి!"

"మా వ్యాను ఎత్తుమీద జారుతుంది మాస్టారూ. దాని గేరు కూడా మొండిదే. జారని బండి మీద పాసై, జారే బండిని ఎలా నడపను?"

పంతొమ్మిదేళ్ళలో పాత బండిని మెచ్చుకోవడానికి మాస్టారు వంద కారణాలు చెప్పి ఉంటారు. అందులో ఇది లేదు.

శుక్రవారం పరీక్ష మైదానం కంచె బయట మాస్టారూ, బావమరిదీ నిలబడ్డారు. పాత బండిలో టైలరమ్మ పక్కన ఇనస్పెక్టరు అట్ట పట్టుకుని కూర్చున్నాడు. మొదట డబ్బాల మధ్య వెనక్కి పెట్టడం. ఒక్కసారికే పెట్టింది. తర్వాత ఎత్తు. పైదాకా ఎక్కకముందే ఆపి, మళ్ళీ కదిలించాలి. మూడుసార్లూ అక్కడే తప్పింది.

బండి ఎత్తు మధ్యలో ఆగింది. కదిలించబోతే మొదట వెనక్కి జారింది. జానెడు. ఇంకో జానెడు.

"అయిపోయింది," అన్నాడు బావమరిది.

"నోర్ముయ్యరా!" అన్నారు మాస్టారు. ఆయన రెండు చేతులూ కంచె తీగను పట్టుకుని తెల్లబడ్డాయి. బండి జారడం ఆగింది. ఒక్క క్షణం అటూ ఇటూ కాకుండా గాలిలో వేలాడినట్టు నిలిచింది. తర్వాత నింపాదిగా పైకెక్కి అవతలికి దిగిపోయింది.

ఇనస్పెక్టరు దిగి తలుపు వేస్తే పడలేదు. రెండోసారి వేసినా పడలేదు. "కాస్త పైకెత్తి వెయ్యండి సార్," అని లోపలినుంచి టైలరమ్మ నేర్పించింది. ఆయన ఎత్తి వేసి, అట్టమీద సంతకం గీకి, కాగితం కిటికీలోంచి అందించాడు. దాన్ని చదివి ఆమె స్టీరింగు మీద తల ఆనించుకుంది. ఏడుస్తోందేమోనని మాస్టారు పరిగెత్తుకెళ్ళారు. ఆమె నవ్వుతోంది. ఆయనే కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

శనివారం బావమరిది తీర్పు అడిగాడు. "అయితే పాతదే గెలిచిందంటావా?"

"దాన్నిప్పుడే మెకానిక్కు దగ్గరికి పంపించాను," అన్నారు మాస్టారు. "దానికీ కూత పెట్టమన్నాను. కొత్త బండిలో నేను తప్పు చేస్తే తెలుస్తుంది. పాత బండిలో వాళ్ళు తప్పు చేస్తే తెలుస్తుంది. రెండూ కావాలి."

"ఒక్కదానికే చోటుందన్నాను కదా!"

"షెడ్డులో నీ మోటారు సైకిలు ఉంది. తీసి అవతల పెట్టు." ఆయన జాబితా ముందుకు లాక్కుని, తప్పినవాళ్ళ పేర్లకు గుర్తు పెడుతున్నారు. పదకొండు మందికి అప్పటికే ఫోను చేసి, తప్పు తనదని చెప్పి, మళ్ళీ రమ్మన్నారు. తొమ్మిదిమంది వస్తామన్నారు. ఒకావిడ తిట్టింది. ఒకాయన మాత్రం ఇప్పుడు తానూ నేర్పే మాస్టారినేనని చెప్పి, తన కాలు ఎక్కడుంటోందో చూసుకోవాలంటూ ఫోను పెట్టేశాడు.

బయట హారను మోగింది. గుమ్మం ముందు వ్యాను. వెనక దుప్పట్ల మూటల మధ్య అయిదుగురు ఆడవాళ్ళు. డ్రైవరు సీట్లో టైలరమ్మ.

"ఆసుపత్రికి మొదటి ట్రిప్పు మాస్టారూ! ఎక్కండి, పక్క సీటు మీకోసమే ఉంచాం."

మాస్టారు ఎక్కారు. బెల్టు పెట్టుకుని, కాళ్ళు చాచుకుని, కిందికి చూశారు. ఆయన వైపు పెడళ్ళు లేవు. ఉత్త రేకు. పంతొమ్మిదేళ్ళ తర్వాత మొదటిసారి ఆయన ఇంకొకరు నడిపే బండిలో ఊరికే కూర్చున్నారు. వెనక ఆడవాళ్ళు ఒకేసారి మాట్లాడుతున్నారు. వ్యాను బజారులోకి తిరిగింది.

ఒక తోపుడుబండి సందులోంచి తటాలున రోడ్డుమీదికి వచ్చింది.

మాస్టారి కుడికాలు బలమంతా పెట్టి రేకును తొక్కింది. అక్కడేమీ లేదు. ఆయన తలుపు పిడి పట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు.

కళ్ళు తెరిచేసరికి వ్యాను ఆగి ఉంది. ముందు రెండు బారల ఖాళీ ఉంది. వెనక ఒక్క మూట కూడా దొర్లలేదు. తోపుడుబండివాడు చెయ్యెత్తి దణ్ణం పెట్టి అటు దాటిపోయాడు. టైలరమ్మ అద్దంలో వెనక చూసుకుని, పక్కకు తిరిగింది.

"భయం వేసిందా మాస్టారూ?"

"వేసిందమ్మా," అన్నారాయన నిజాయితీగా.

"ఏం ఫరవాలేదు," అంది ఆమె, ఎనిమిది నెలలు ఆయన నోటివెంట తాను విన్న గొంతుతోనే. "మీరు ఊరికే కూర్చోండి. అదే అలవాటవుతుంది."

ఆమె మొదటి గేరు వేసింది. మాస్టారు కాలు వెనక్కి తీసుకుని, కిటికీ అద్దం దించి, బజారు చూడసాగారు.